యాల్మర్ ఎడ్గ్రెన్ పండితుడు – ధాతుపాఠ వివాదము



ఐరోపాఖండమున ఉత్తరపు కొసను స్వీడను అను దేశము కలదు. చలికాలమున ఆ దేశపు ఉత్తరభాగములందు కొన్ని దినములపాటు సూర్యుడు కంటికి కనబడడు. అట్టి మంచునేలపై పుట్టి, మొదట కత్తి పట్టి, సముద్రము దాటిపోయి పరుల దేశమున యుద్ధము చేసి, పిమ్మట కత్తిని విడిచి కలమును చేపట్టి, కాళిదాసుని శకుంతలను తన మాతృభాషలోనికి తోడ్కొనిపోయిన పండితుడొకడు కలడు. ఆయన పేరు యాల్మర్ ఎడ్గ్రెన్. శకుంతలను అంతగా ప్రేమించిన ఆ మహాశయుడే మన పాణినీయ ధాతుపాఠముమీద గట్టి ఆక్షేపణ నొకదానిని లేవదీసెను. ఆయన చరిత్రమును, ఆ ఆక్షేపణను, దానికి కలిగిన సమాధానమును యథాశక్తిగా మీకు విన్నవించుట నేటి ప్రసంగమునకు విషయము.

ఎడ్గ్రెన్ 1840 వ సంవత్సరమున స్వీడను దేశములోని వర్మ్‌లాండు అను సీమలో జన్మించెను. యౌవనమున సైన్యోద్యోగమునకు అర్హత సంపాదించెను. అంతలో 1861 లో అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఉత్తర దక్షిణ పక్షములకు ఘోరమైన అంతర్యుద్ధము పొడమెను. నీగ్రోజాతివారిని బానిసలుగా నుంచుకొను ఆచారమే ఆ కలహమునకు మూలము. ఈ యువకుడు సముద్రము దాటిపోయి ఉత్తరపక్షపు సేనలో చేరి, లెఫ్టినెంటు పదవి నందెను. యుద్ధము ముగియకమునుపే స్వదేశమునకు మరలివచ్చెను. కాని సిపాయి బ్రదుకు ఆయన మనస్సునకు తృప్తి కలిగింపలేదు. భాషలయందలి అనురక్తి ఆయనను మరల అమెరికాకు లాగికొనిపోయెను. ముప్పది యేండ్ల వయస్సున, తనకంటె చిన్నవారగు విద్యార్థులనడుమ బల్లపై కూర్చుండి చదువ నారంభించెను. 1871 లో కార్నెల్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, 1874 లో యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యపట్టమును పొందెను. ముప్పదియేండ్లు నిండినవాడు శిష్యుడై అక్షరముల నుండి నేర్చుకొనుట యెంత ఓపికతో కూడినపనియో మీరే యూహింపవచ్చును.

యేల్‌లో ఆయనకు లభించిన గురువు విలియం డ్వైట్ విట్నీ. ఆ కాలమున అమెరికాలో సంస్కృతమున ఆయనను మించినవారు లేరు. 1879 లో ఆయన వెలువరించిన సంస్కృతవ్యాకరణము నేటికిని పాశ్చాత్య విద్యాశాలలందు చేతిపుస్తకముగా నున్నది. గురుశిష్యులిరువురును కలిసి జర్మను–ఆంగ్ల నిఘంటువు నొకదానిని కూర్చి 1877 లో ప్రకటించిరి. ఎడ్గ్రెన్ యేల్‌లోనే సంస్కృతమును, ఆధునిక భాషలను బోధించుచు కొన్ని యేండ్లు గడపెను.

స్వీడను వానికి సంస్కృతముతో పనియేమి యని కొందరికి సందేహము కలుగవచ్చును. మనము పితృ యన్నది వారికి ఫాదర్. మాతృ యన్నది మూదర్. భ్రాతృ యన్నది బ్రూదర్. దుహితృ యన్నది దొత్తెర్. నామ యన్నది నమ్న్. రెండును, మూడును లెక్కించునపుడు వారు త్వో, త్రే యందురు. సంస్కృతమును, వారి భాషయు ఒక్క మూలపు కొమ్మలని ఐరోపా పండితులు నిర్ణయించిరి. మన తెలుగుమాత్రము ఆ వంశమున చేరినది కాదు. అది తమిళ కర్ణాటకములతో కూడిన వేఱు కుటుంబమని ఎల్లిసు దొర 1816 లోనే సాధించెను. కావున స్వీడను పండితునకు సంస్కృతాధ్యయనము వింతవస్తువును చూచుట గాక, తన యింటి పాతపత్రములను వెదకికొనుటవంటిది.

ఇక ఆయన అనువాదముల మాట. శాకుంతలమును మొదట ఐరోపాకు పరిచయము చేసినవాడు సర్ విలియం జోన్సు. 1789 లో ఆయన ఆంగ్లానువాదము కలకత్తాలో వెలువడెను. దానిని బట్టి 1791 లో ఫార్‌స్టర్ అను నాతడు జర్మనుభాషలో వ్రాసెను. దానిని చదివి గెటే మహాకవి పరవశుడయ్యెను. ఎడ్గ్రెన్ అట్లు పరభాషానువాదముమీద ఆధారపడక, సంస్కృతమూలమునే ముందుంచుకొని 1875 లో శాకుంతలమును, 1877 లో మాళవికాగ్నిమిత్రమును స్వీడను భాషలోనికి తెచ్చెను. మన దేశమున అదే శతాబ్దమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ రెండు నాటకములనే తెనిగించిరి. ఒకరినొకరు చూచికొనని ఇరువురు, భూగోళమునకు రెండు వైపులనుండి ఒక్క కవికి పరిచర్య చేసిరి. ఎడ్గ్రెన్ పిమ్మట 1894 లో శాకుంతలమును ఆంగ్లమునగూడ వ్రాసి న్యూయార్కులో ప్రకటించెను.

ఈ పనిలోని కష్టమును కొంత యోచింపుడు. శిరీషపుష్పమన్నను, వల్కలమన్నను, సమిధలన్నను మనకు వెంటనే కన్నులకు కట్టును. మంచునేలవానికి అవి పేరైనను వినని వస్తువులు. మఱియొక చిక్కు కలదు. నాటకమున రాజు సంస్కృతమున మాటలాడును. శకుంతలయు, ఆమె సఖులును శౌరసేనీ ప్రాకృతమున మాటలాడుదురు. ఆఱవ అంకమున ఉంగరముతో పట్టువడిన జాలరి మాగధి పలుకును. సంస్కృతముమాత్రమే వచ్చినవానికి నాటకములో సగము ఛాయను చూచి తెలిసికొనవలసినదే. ఈ సంగతి యెఱిగినవాడు గనుక ఎడ్గ్రెన్ 1885 లో లండనులో ప్రకటించిన తన సంగ్రహ సంస్కృతవ్యాకరణమునకు నాటకప్రాకృతములను గూర్చిన చిన్న ప్రకరణమును గూడ చేర్చెను. రాజు మాటకు వ్యాకరణమున్నట్లే జాలరి మాటకును వ్యాకరణము కలదని ఆయన ఎఱుగును. దీనిని మనస్సున నుంచుకొనుడు. మీదట ఈ విషయముతో పని కలదు.

ఇప్పుడు వివాదమునకు వత్తము. ధాతువనగా క్రియకు బీజము. పచ్ అను ధాతువునుండి పచతి, పాకము, పక్వము, పాచకుడు అను మాటలు పుట్టినట్లు, సంస్కృతమున మాటలలో పెక్కులు ధాతువులనుండి పుట్టినవని మన శాబ్దికులు చెప్పుదురు. ఆ ధాతువులన్నిటిని భ్వాది మొదలుగా పది గణములుగా విభజించి చెప్పిన పట్టికకు ధాతుపాఠమని పేరు. అందు సుమారు రెండువేల ధాతువులు కలవు. పూర్వము పాఠశాలలో చేరిన బాలుడు దానిని అర్థముతో కూడ వల్లెవేయుట ఆచారము. వల్లెవేసినవారికి ఒక సంగతి తెలియకపోదు. పోవుట యను నర్థమున చెప్పిన ధాతువులు గుంపులు గుంపులుగా వచ్చును. హింసించుట యను నర్థమునను అట్లే, శబ్దము చేయుట యను నర్థమునను అట్లే. వానిలో అనేకములు కావ్యములందుగాని పురాణములందుగాని మన కంటబడవు. శిష్యుడు ఇది ఎక్కడ ప్రయోగింపబడినదని అడుగును. గురువు, ముందు వల్లెవేయుము, పిమ్మట తెలియును అనును.

ఎడ్గ్రెన్ ఆ శిష్యుని ప్రశ్ననే పట్టుకొనెను. కాని వల్లెవేయుటతో ఊరకుండలేదు. 1855 మొదలు 1875 వఱకు ఇరువదియేండ్లు శ్రమించి బోత్‌లింకు, రోత్ అను పండితులు ఆనాటి రుషియా రాజధానియగు సెంటు పీటర్సుబర్గునుండి ఏడు సంపుటముల సంస్కృతనిఘంటువును వెలువరించిరి. వేదములు మొదలుకొని కావ్యములవఱకు ఏ మాట యెక్కడ ప్రయోగింపబడినదో అందు చూపబడినది. అట్టి సాధనము చేతికి వచ్చినపిదప ధాతువులను ఒక్కొక్కటిగా సరిచూచుటకు వీలు కలిగెను. ఎడ్గ్రెన్ సరిచూచెను. పట్టికలోని ధాతువులలో సగమునకు మించినవాటికి వాఙ్మయమున ప్రయోగము కనబడలేదు.

ఇంతమాత్రమే అయినయెడల అది గ్రంథములు చాలకపోవుటచేత కలిగినదని సరిపెట్టుకొనవచ్చును. ఆయన మఱి రెండు పరీక్షలు చేసెను. ప్రయోగమున్న ధాతువులనుండి నామములు, విశేషణములు కొమ్మలు రెమ్మలుగా పుట్టియుండును. ప్రయోగములేనివి సంతానములేని మోడులవలె ఒంటిగా నిలిచియున్నవి. ప్రయోగమున్న ధాతువులకు గ్రీకు, లాటిను, జర్మను మొదలగు సోదరభాషలయందు జాడలు విరివిగా దొరకును. లేనివాటికి ఆ జాడలు మిక్కిలి అరుదు. పైగా ప్రయోగములేని ధాతువులు ఒక అక్షరము మార్పుతో ఒకదానిని మఱియొకటి పోలియుండి, ఒక్క యర్థమునే చెప్పుచు బారులు తీరియున్నవి. కావున వీనిలో అధికభాగము లోకమున ఎవరును పలికినవి కావనియు, వైయాకరణులు కల్పించి చేర్చినవనియు ఆయన తేల్చెను. ఈ వ్యాసము అమెరికా ప్రాచ్యవిద్యాసంఘమువారి పత్రిక పదునొకండవ సంపుటమున ప్రకటింపబడెను.

గురువగు విట్నీ దీనిని చేతబుచ్చుకొని 1884 లో మఱింత కఠినముగా వ్రాసెను. హిందువుల వ్యాకరణమును చదువుట వేఱనియు, సంస్కృతభాషను చదువుట వేఱనియు, గ్రంథములలో కనబడు భాషయే ప్రమాణము గాని వైయాకరణుల మాట ప్రమాణము కాదనియు ఆయన వాదము. ఇది చిన్న యాక్షేపణ గాదు. పాణిని, కాత్యాయన, పతంజలులను మునిత్రయమని కొలుచు సంప్రదాయమునకు ఇది మూలచ్ఛేదమువంటిది. ధాతుపాఠమే కల్పితమైనచో దానిమీద కట్టిన మేడ నిలుచుట యెట్లు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండువేల యేండ్లకు పూర్వమే పతంజలి మహాభాష్యపు మొదటి ఆహ్నికమున దీనిని పూర్వపక్షముగా నిలిపి విచారించెను. లోకమున ప్రయోగములేని శబ్దములు కలవు గదా, వానిని శాస్త్రము సాధించుట యెందులకని పూర్వపక్షి అడుగును. దానికి భాష్యకారుని సమాధానపు తాత్పర్యమిది: శబ్దము ప్రయోగింపబడు చోటు మిక్కిలి విశాలమైనది. భూమి యెంత, లోకములెన్ని, వేదశాఖలెన్ని! ఋగ్వేదమునకు ఇరువదియొక్క శాఖలు, యజుర్వేదమునకు నూటయొక్కటి, సామమునకు వేయి, అథర్వమునకు తొమ్మిది. ఇతిహాసములు, పురాణములు, వైద్యము వేఱుగా నున్నవి. ఇదంతయు వెదకిచూడక, ఈ మాటకు ప్రయోగము లేదనుట సాహసమే. అంతటితో నిలువక ఆయన నిదర్శనము చూపెను. పోవుట యను నర్థమున శవతి యను క్రియను కాంబోజదేశమువారు మాత్రమే పలుకుదురు. ఆర్యులు పీనుగునకు శవమని నామముగా మాత్రమే వాడుదురు. సురాష్ట్రమున హమ్మతి యందురు, ప్రాచ్యదేశమున రంహతి యందురు, ఆర్యులు గమిధాతువునే వాడుదురు. కోయుట యను నర్థమున దాతి యను క్రియ తూర్పువారిది, కొడవలికి దాత్రమను నామము ఉత్తరదేశమువారిది.

ఈ శవతి మాటను గూర్చి చెప్పవలసినది కలదు. మన గ్రంథములలో దానికి గత్యర్థమున ప్రయోగము వెదకినను కష్టము. కాని పారసీకుల వేదమగు అవెస్తాభాషయందును, ప్రాచీన పారసీక శిలాశాసనములయందును పోవుట యను నర్థమున దీనికి జోడైన ధాతువు స్పష్టముగా కలదని భాషావేత్తలు కనుగొనిరి. కాంబోజులు వాయవ్యదిక్కున పారసీకభాషల ఎల్లను నివసించినవారు. పతంజలి ఊహించి చెప్పలేదు. ఆ దేశపువారి నోటినుండి విన్నమాటనే చెప్పెను. గ్రంథములో లేనిది లోకములో లేదనుట తగదని ఈ యొక్క మాట సాక్ష్యమిచ్చుచున్నది.

ఎడ్గ్రెన్‌కు ఐరోపాఖండముననే యొక ప్రతివాది లేచెను. ఆయన పేరు గెయార్గ్ బ్యూలర్. ఈయన 1863 మొదలు 1880 వఱకు బొంబాయి రాజధానిలో నుండి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బోధించి, ఊరూర తిరిగి తాళపత్రములను, వ్రాతప్రతులను సేకరించినవాడు. మన శాస్త్రులతో కూర్చుండి శాస్త్రపాఠము విన్నవాడు. 1894 లో ఆయన వియన్నా నగరపు పత్రికలో, వాఙ్మయమున కనబడని ధాతువులను గూర్చి వ్యాసము వ్రాసెను. ఆయన చెప్పినది స్థూలముగా ఇది: సంస్కృతవాఙ్మయమంతయు ఇంకను వెలికి రాలేదు, వచ్చినదియు పూర్తిగా నిఘంటువులకెక్కలేదు. గ్రాంథికమున కనబడని ధాతువులు పాళీలోను, ప్రాకృతములందును, మహారాష్ట్రము ఘూర్జరము మొదలగు నేటి దేశభాషలయందును పెక్కులు బ్రతికియున్నవి. రైతుల నోట, వర్తకుల నోట నేటికిని పలుకుచున్న మాటను, పాణిని కాలపువారు కల్పించిరనుట పొసగదు గదా!

ఒక్క గ్రంథాలయమునందు కూర్చున్నవానికి కనబడనిది, ఊరిరచ్చబండ యొద్ద కూర్చున్నవానికి వినబడినది. ఇంతకును ఎడ్గ్రెన్ స్వయముగా జాలరి పలుకులకు వ్యాకరణము వ్రాసినవాడు. ఆ ప్రాకృతపు త్రోవనే మఱికొంత దూరము నడచియున్నచో, తన మోడులకు చిగుళ్లు ఆయనకే కనబడియుండెడివి.

ఐనను మనము న్యాయము తప్పరాదు. బ్యూలర్ సమాధానముతో ధాతువులన్నిటికి ప్రయోగము దొరకినదని చెప్పుటకు వీలులేదు. నేటికిని జాడ తెలియనివి ధాతుపాఠమున కలవు. వ్రాతగాండ్ర తప్పులచేత ఒక ధాతువు రెండైనచోట్లును, పాఠభేదములచేత పెరిగినచోట్లును కలవు. ధాతువులకు అర్థములను భీమసేనుడను నాతడు తరువాతికాలమున చేర్చెనని మన సంప్రదాయమే చెప్పుచున్నది. కావున ఎడ్గ్రెన్ అడిగిన ప్రశ్న సరియైనది. లెక్కయు శ్రద్ధతో కూడినది. కల్పితములని కొట్టివేసిన తీర్పుమాత్రము తొందరపాటు. ఆయన ఆ లెక్క తీయకున్నచో బ్యూలర్ వెదకియుండడు. బ్యూలర్ వెదకకున్నచో ధాతుపాఠము దేశభాషలకెల్ల కీలకమన్న సంగతి మనకే తెలియకుండెడిది. పూర్వపక్షము బలముగా నుండిననే సిద్ధాంతమునకు బలమని మన శాస్త్రకారులు ఊరక యనలేదు. భాష్యకారుడు పూర్వపక్షిని దూషింపలేదు. అతని ప్రశ్నను భద్రపరచి మనకిచ్చెను. మనమును ఎడ్గ్రెన్ పండితుని అట్లే గౌరవింపవలెను.

ఆయన మిగిలిన జీవితము రెండు ఖండములనడుమ రాకపోకలతో గడచెను. 1880 తరువాత స్వదేశమున లుండ్ విశ్వవిద్యాలయములో సంస్కృతము బోధించెను. 1885 లో మరల అమెరికాకు పోయి, పచ్చికబయళ్ల సీమయగు నెబ్రాస్కాలోని విశ్వవిద్యాలయమున ఆధునిక భాషలకును, సంస్కృతమునకును ఆచార్యుడయ్యెను. 1891 లో స్వీడనులోని గోటెన్‌బర్గు నగరమున క్రొత్తగా ఉన్నతవిద్యాశాల నెలకొల్పినపుడు దానికి అధిపతిగా పిలువబడి రెండేండ్లు నడపెను. పిమ్మట తిరిగి నెబ్రాస్కాకు చేరెను. ఫ్రెంచి, ఇటాలియను భాషలకు వ్యాకరణములు, నిఘంటువులు రచించెను. తన భాషలో స్వయముగా కవిత్వము చెప్పెను. కడపటి యేండ్లలో స్వీడిషు అకాడమీవారి నోబెల్ సంస్థలో సభ్యుడై స్వదేశమునకు వచ్చి, 1903 డిసెంబరులో కాలధర్మము నొందెను. దేశదేశముల కవులను తూచి బహుమతి నిచ్చు ఆ సభయే ఆయన గతించిన పదియేండ్లకు, 1913 లో, మన రవీంద్రుని సత్కరించినది.

ఇక గ్రామవృద్ధులకు ఈ కథతో సంబంధమేమి? చెప్పెదను. బ్యూలర్ వెదకిన సాక్ష్యములు వ్రాతప్రతులలో కొన్ని, జనుల నాలుకలమీద కొన్ని. వ్రాతప్రతికి చెదపురుగు శత్రువు. నాలుకమీది మాటకు మఱపు శత్రువు. తెలుగునకు గూడ ఈ న్యాయమే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962 లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదములకు మాండలికవృత్తిపదకోశమును వెలువరించిరి. అందలి మాటలను కావ్యములనుండి గాక, సీమసీమకు పోయి రైతులను అడిగి తెలిసికొనిరి. ఏ ప్రబంధమునందును ఎక్కని మాటలు అట్లు పుస్తకమున కెక్కినవి.

కాని ఆ పనితో అంతయు తీరలేదు. మోట పోయినది, దానితోకూడ బాన, తొండము, మోకు అను మాటలు ఆ యర్థములతో పలుకువారు కొఱవడిరి. ఎడ్ల గొఱ్ఱు మూలబడినచోట జడ్డిగమన నేమో పిల్లలెఱుగరు. మేడి, కఱ్ఱు, గుంటక అను మాటలు ట్రాక్టరు వచ్చిన యూళ్లలో పెద్దలతోనే ముగియుచున్నవి. నూఱేండ్లకు ఎవరో యొక పండితుడు నిఘంటువులో ఈ మాటలను చూచి, వీనికి ప్రయోగము లేదు, ఇవి కోశకారులు కల్పించినవి యనవచ్చును. అప్పుడు బదులు చెప్పుటకు బ్యూలర్‌వంటివాడు ఊరూర తిరిగినను, పలుకువాడు మిగిలియుండవలెను గదా!

కావున మీకు నా విన్నపము. మీ యెఱుకలోనున్న పనిముట్ల పేళ్లను, నేలల పేళ్లను, వడ్లరకముల పేళ్లను, కొలతలను, వాని యర్థములతో ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఊరి బడిలోనో గ్రంథాలయములోనో ఉంచుడు. మాటతోకూడ దానిని వాడు వాక్యమునుగూడ వ్రాయుడు. ప్రయోగము లేని మాట యెట్టి అనుమానమున కెడమిచ్చునో ఎడ్గ్రెన్ చరిత్రము మనకు చూపినది. వర్మ్‌లాండునుండి వచ్చిన సైనికుడు మన ధాతువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టెను. మన మాటలను మనము లెక్కపెట్టుకొనుటకు అంతకంటె దూరము పోనక్కఱలేదు.

స్వస్తి.